వేరియబుల్ స్పీడ్ పూల్ పంప్ ఆగిపోయిందా? కొత్తది కొనే ముందు ఈ మూడు అంకెలు చూడండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి చదవడానికి వచ్చిన మీకు స్విమ్మింగ్ పూల్ పంప్ గురించి చెప్తే "ఇదేం గోల" అనిపించొచ్చు. కానీ ఇప్పుడొస్తున్న వేరియబుల్ స్పీడ్ పంప్‌ని ఒకసారి దగ్గర్నుంచి చూడండి. డిస్‌ప్లే ఉంది, ప్రాసెసర్ ఉంది, షెడ్యూల్ ఉంది, చాలా మోడళ్లకి వైఫై, యాప్ కూడా ఉన్నాయి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు సరేసరి. కింద ఒక ఇంపెల్లర్ తిరుగుతుందన్న మాటే గానీ మిగతాదంతా గ్యాడ్జెటే. ధర చూస్తే ఫ్లాగ్‌షిప్ ఫోన్ కంటే ఎక్కువ. మరి రివ్యూలు మాత్రం ఎలా ఉంటున్నాయి? యాప్ బాగుందా, సౌండ్ తక్కువా, కరెంట్ ఎంత ఆదా, అంతే. అది ఆగిపోయిన రోజు మనకి ఏం చెప్తుంది అన్నది ఎవరూ రాయట్లేదు. నా దృష్టిలో ఈ వస్తువుని కొలవాల్సిందే ఆ రోజు.

నేనుండేది డల్లాస్ దగ్గర. ఫ్రిస్కో, ప్లేనో వైపు ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి ఇంటితో పాటు పెరట్లో పూల్ కూడా వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఎలాంటి బగ్ వచ్చినా తెల్లారేలోపు పట్టేసే మనిషి కూడా పంప్ డిస్‌ప్లే మీద ఎర్ర లైట్ చూడగానే పూల్ కంపెనీకి ఫోన్ కొడతాడు. వాళ్లొచ్చి, పది నిమిషాలు చూసి, "డ్రైవ్ పోయింది, మొత్తం మార్చాలి" అంటారు. ఇలా విన్న కేసుల్లో కొన్నింట్లో నిజంగానే డ్రైవ్ పోయింది. నేను దగ్గరుండి చూసిన వాటిలో ఎక్కువ శాతం మాత్రం పంప్ చక్కగానే ఉంది, నీళ్లే అందట్లేదు. ఈ రెండింటికీ తేడా కనిపెట్టడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. డిస్‌ప్లే మీద రెండు అంకెలు, ఫిల్టర్ మీద ఒక అంకె చాలు.

ముందు ఇది అసలు ఎందుకొచ్చిందో రెండు ముక్కల్లో. పాత సింగిల్ స్పీడ్ పంప్ ఎప్పుడు వేసినా నిమిషానికి 3,450 చుట్లే తిరిగేది. నీళ్లు నెమ్మదిగా తిరిగినా సరిపోయే పనికి కూడా ఫుల్ స్పీడే. సెంట్రిఫ్యూగల్ పంప్‌కి ఒక లెక్క ఉంది: స్పీడ్ సగం చేస్తే నీళ్లు సగం వస్తాయి, కానీ పవర్ మాత్రం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. 1,800 వాట్లు లాగే పంప్‌ని సగం స్పీడ్‌లో పెడితే లెక్క ప్రకారం 225 వాట్లు. నిజంలో మోటార్ నష్టాలు కలిసి ఇంకొంచెం ఎక్కువే చూపిస్తుంది, అది వేరే సంగతి. అవే నీళ్లు తిరగాలంటే రెట్టింపు టైమ్ నడపాలి. అయినా 8 గంటలకి 14.4 యూనిట్లు కాలే చోట 16 గంటలకి 3.6 యూనిట్లతో పని అయిపోతుంది. అందుకే అమెరికా ఇంధన శాఖ 2021 జులై 19 నుంచి కొత్త నిబంధనలు పెట్టింది. ఒక సైజు దాటిన పూల్ ఫిల్టర్ పంప్ కొనాలంటే ఇప్పుడు దాదాపుగా వేరియబుల్ స్పీడే కొనాలి. పెంటైర్, హేవర్డ్, జాండీ, ఏ బ్రాండ్ తీసుకున్నా అంతే.

లోపలున్న టెక్నాలజీ మీకు కొత్తేం కాదు. మన ఊళ్లో పైన తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్, హాల్లో ఉన్న ఇన్వర్టర్ ఏసీ, ఈ పంప్, మూడూ ఒకే కుటుంబం. రోటర్‌లో శాశ్వత అయస్కాంతాలు. గోడ నుంచి వచ్చిన ఏసీని డ్రైవ్ ముందు డీసీ చేస్తుంది, మళ్లీ దాన్ని కావలసిన ఫ్రీక్వెన్సీలో మూడు ఫేజుల కింద ముక్కలు చేసి మోటార్‌కి పంపిస్తుంది. మోటార్ వెనకాల కూర్చున్న ఆ పెట్టెనే డ్రైవ్ అంటారు. ఇన్వర్టర్ ఏసీలో "పీసీబీ పోయింది సార్" అని మెకానిక్ చెప్పినప్పుడు ఇంట్లోవాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో గుర్తుందిగా? ఇక్కడ డ్రైవ్ పోయిందన్నప్పుడు కూడా సరిగ్గా అవే ముఖాలు.

ఆర్‌పీఎం, వాట్స్, పీఎస్ఐ

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వేరియబుల్ స్పీడ్ పంప్‌లో అన్నిటికంటే విలువైన ఫీచర్ యాప్ కాదు, డిస్‌ప్లే మీద కనిపించే వాట్స్ రీడింగ్. పాత పంప్‌కి ఇది తెలియాలంటే ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటర్ పట్టుకుని రావాలి. ఇప్పుడది ఉచితంగా కళ్లముందే ఉంటుంది, అయినా ఎవరూ చూడరు.

చేయాల్సింది ఏంటంటే, ఫిల్టర్ శుభ్రం చేసి, బుట్టలన్నీ ఖాళీ చేసిన రోజున పంప్‌ని ఏదో ఒక స్పీడ్‌లో, ఉదాహరణకి 2,500 ఆర్‌పీఎంలో పెట్టండి. అయిదు నిమిషాలు ఆగి డిస్‌ప్లే మీద వాట్స్ ఎంతో, ఫిల్టర్ పైన ఉండే గేజ్ మీద ప్రెషర్ ఎన్ని పీఎస్ఐనో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. అంతే, ఇది మీ పంప్ ఆరోగ్యంగా ఉన్నప్పటి రిపోర్ట్. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా మళ్లీ అదే 2,500లో పెట్టి పోల్చాలి. అదే స్పీడ్‌లో అన్నది మర్చిపోవద్దు. ప్రెషర్ మామూలు కంటే 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగితే ఫిల్టర్ కడగాలి అనే పాత సూత్రం సింగిల్ స్పీడ్ కాలంనాటిది. 1,400 ఆర్‌పీఎంలో నడుస్తున్న పంప్‌కి ఫిల్టర్ సగం మూసుకుపోయినా గేజ్ ముల్లు పెద్దగా లేవదు. "ప్రెషర్ తక్కువే ఉంది, ఫిల్టర్ బాగానే ఉంది" అనుకుని నెలల తరబడి వదిలేసిన వాళ్లని చూశాను. పూల్ పచ్చబడ్డాక గానీ తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. ఇలాంటి పంప్ నీళ్లు ఎక్కువ తోస్తే ఎక్కువ వాట్స్ లాగుతుంది, తక్కువ తోస్తే తక్కువ లాగుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే చాలా విషయాలు విడిపోతాయి. అదే స్పీడ్‌లో ప్రెషర్ పెరిగి వాట్స్ తగ్గాయంటే పంప్ తర్వాత ఎక్కడో దారి మూసుకుంది, నూటికి తొంభై సార్లు ఫిల్టరే. ప్రెషర్, వాట్స్ రెండూ తగ్గాయంటే పంప్‌కి నీళ్లే చేరట్లేదు, అంటే సమస్య పంప్‌కి ముందు లేదా పంప్ నోట్లోనే ఉంది. ప్రెషర్ తగ్గి వాట్స్ పెరిగితే నీళ్లకి ఎక్కడో సులువైన దారి దొరికింది, ఏదో వాల్వ్ తిప్పి ఉంచారా, బ్యాక్‌వాష్ లైన్‌లోకి పోతున్నాయా చూడాలి. ప్రెషర్ మామూలుగానే ఉండి వాట్స్ మాత్రం పెరుగుతూ పోతుంటే, దానికి తోడు కీచుమని సౌండ్ వస్తుంటే, బేరింగ్ అరుగుతోందని అర్థం. అయిదో పదో వాట్లు అటూ ఇటూ అయితే పట్టించుకోకండి, తేడా గట్టిగా ఉండాలి.

ఇందులో రెండో రకమే ఎక్కువగా వస్తుంది. అదే "పంప్ పోయింది" అని ఎక్కువగా పొరబడేది కూడా.

పొలం ఉన్న ఇంట్లో పెరిగిన వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బావి మీద మోటార్ గాలి పడితే నీళ్లు ఎత్తదు, ఎంత తిరిగినా వట్టి రొదే. అప్పుడు మోటార్ కాలిపోయిందని ఎవరూ అనరు. పైపు కీళ్లు చూస్తారు, ఫుట్ వాల్వ్ చూస్తారు, బిందెతో నీళ్లు పోసి మళ్లీ స్విచ్ వేస్తారు. పూల్ పంప్‌లోనూ జరిగేది అదే. కాకపోతే ఇక్కడ డిస్‌ప్లే ఉంది కాబట్టి అది ఇంగ్లీష్‌లో ప్రైమింగ్ ఎర్రర్ అని చూపిస్తుంది, మనం కంగారుపడతాం.

డ్రైవ్ పోయిందన్నారు, పోలేదు

మా బావ వాళ్లింట్లో పోయిన జూన్‌లో జరిగింది చెప్తాను. పంప్ స్టార్ట్ అవుతుంది, ఫుల్ స్పీడ్‌కి వెళ్తుంది, కొన్ని నిమిషాలు గర్రుమని, ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. వచ్చిన టెక్నీషియన్ మూత కూడా తీయకుండా డ్రైవ్ పాడైందన్నాడు, కొత్త పంప్, లేబర్ కలిపి రెండు వేల డాలర్లకి కాస్త తక్కువ కొటేషన్ ఇచ్చాడు. బావ నాకు వాట్సాప్‌లో వీడియో పంపి "ఓకే చెప్పేయమంటావా?" అని అడిగాడు.

"ఆగు బావా, ఇంకోసారి స్టార్ట్ చేసి డిస్‌ప్లే దగ్గరగా చూపించు" అన్నాను.

"3,450 అని చూపిస్తోంది. వాట్స్ అయితే మామూలు కంటే బాగా తక్కువ."

"మూతలోంచి ఏం కనిపిస్తోంది?"

"సగమే నీళ్లున్నాయ్. మిగతాదంతా బుడగలు, సోడా కొట్టినట్టు."

అక్కడితో కేసు అయిపోయింది. డ్రైవ్ నిజంగా పోయుంటే మోటార్ 3,450 దాకా వెళ్లేదే కాదు. అది వెళ్లింది, నిలబడింది, వాట్స్ చూపించింది. అంటే కరెంట్ వైపు అంతా సవ్యంగానే ఉంది. వాట్స్ తక్కువంటే మోయడానికి నీళ్లు లేవు. మూతలో బుడగలంటే గాలి లోపలికి వస్తోంది. గాలి రావడానికి మొదటి అనుమానం ఎప్పుడూ మూత కిందుండే ఓ-రింగే. తీసి చూస్తే చపాతీ అంచులా చదునైపోయి ఒకచోట పగిలింది. కొత్త ఓ-రింగ్ పది డాలర్లలోపు. దానికి సిలికాన్ గ్రీజ్ పలచగా రాసి బిగిస్తే రెండు నిమిషాల్లో నీళ్లు అందుకుంది. వాజలైన్ లాంటి పెట్రోలియం జెల్లీ మాత్రం రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఓ-రింగ్ బాగున్నా గాలి వస్తుంటే తర్వాత చూడాల్సినవి ఇవి. పూల్‌లో నీటిమట్టం స్కిమ్మర్ నోటికి సగం పైన ఉందా? టెక్సస్ ఎండలకి వారంలో కనిపించేంత దిగిపోతుంది, స్కిమ్మర్ గాలి మింగడం మొదలుపెడుతుంది. పంప్‌లోకి వచ్చే పైపు దగ్గర యూనియన్ వదులైందా? వాల్వ్ పిడి కింద సీల్ ఎండిపోయిందా? కనిపెట్టడానికి ఒక పాత చిట్కా ఉంది: పంప్ నడుస్తుండగా కీళ్ల మీద షేవింగ్ ఫోమ్ పూయండి, గాలి పీల్చే చోట నురగ లోపలికి గుంట పడుతుంది. ఫుల్ స్పీడ్‌లో చూడాలి, ఎందుకంటే స్పీడ్ పెరిగే కొద్దీ పీల్చుడు పెరుగుతుంది, లీకు బయటపడుతుంది. తక్కువ స్పీడ్‌లో మూత కింద కొంచెం గాలి నిలిచి ఉండటం చాలా పూల్స్‌లో మామూలే, నీళ్లు తిరుగుతున్నంతసేపు దాని గురించి బెంగక్కర్లేదు.

ఇంకో రకం ఉంది. మూత నిండా నీళ్లు, ఒక్క బుడగ లేదు, అయినా ప్రెషర్, వాట్స్ రెండూ కింద ఉన్నాయి. అప్పుడు ఇంపెల్లర్‌లో చెత్త ఇరుక్కుందేమో చూడాలి. బుట్ట పగిలి ఉన్నా, శుభ్రం చేసేటప్పుడు బుట్ట తీసి ఒకసారి పంప్ నడిపినా ఓక్ ఆకులు, చిన్న కాయలు నేరుగా ఇంపెల్లర్ రెక్కల మధ్యకి వెళ్లి కూర్చుంటాయి. బ్రేకర్ ఆఫ్ చేసి, బుట్ట తీసి, లోపలికి వంచిన తీగ పెట్టి లాగితే చాలావరకు వచ్చేస్తాయి. చెయ్యి పెట్టే పని కాబట్టి యాప్‌లో ఆఫ్ చేస్తే సరిపోదు, బ్రేకర్ దగ్గరే ఆపాలి. షెడ్యూల్ టైమ్ అయిందని అది తనంతట తను లేచిందంటే వేళ్లు పోతాయి.

ఇవి అసలు రిపేర్లే కావు

అర్ధరాత్రి పంప్ తనంతట తను మొదలవుతోంది, హ్యాక్ అయిందా అని ఒకాయన నన్ను నిజంగానే అడిగారు. జనవరి నెల. బయట ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వస్తే పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా చాలా పంపులు వాటంతట అవే తిరుగుతాయి. దాన్ని విసుగొచ్చి ఆపేయకండి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌కి మంచు తుఫాను వచ్చి కరెంట్ పోయినప్పుడు పంపులు ఆగిపోయి, పూల్ పైపులు, ఫిల్టర్లు, పంప్ బాడీలు పగిలిన ఇళ్లు లెక్కలేనన్ని. కరెంట్ లేకపోతే ఏ స్మార్ట్ ఫీచరూ పనిచేయదు. అలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే: బ్రేకర్ ఆపి, పంప్ కింద, ఫిల్టర్ కింద ఉండే డ్రెయిన్ ప్లగ్గులు తీసి నీళ్లు వదిలేయడం. ఆ ప్లగ్గులు ఎక్కడున్నాయో ఎండాకాలంలోనే ఒకసారి చూసిపెట్టుకోండి.

స్టార్ట్ కాగానే ఫుల్ స్పీడ్‌కి వెళ్లడం కూడా రోగం కాదు, ముందు నీళ్లు అందుకుని తర్వాత మీరు పెట్టిన స్పీడ్‌కి దిగుతుంది. సాల్ట్ సెల్ మీద ఫ్లో లేదని లైట్ వెలుగుతోందంటే సెల్ పాడైందని కొత్తది ఆర్డర్ పెట్టకండి. కరెంట్ మిగులుతుందని పంప్‌ని 1,100లో పెట్టి ఉంటారు, ఫ్లో స్విచ్ మూసుకునేంత నీళ్లు రావట్లేదు. స్పీడ్ కొద్దికొద్దిగా పెంచుతూ లైట్ ఎక్కడ ఆరిపోతుందో చూసి, దానికి ఇంకో 150, 200 కలిపి అక్కడ వదిలేయండి. హీటర్ రాకపోయినా ముందు ఇదే చూడాలి.

షెడ్యూల్ గంటలు తారుమారు అవుతున్నాయంటే ఎక్కువగా కారణం గోడమీద మిగిలిపోయిన పాత మెకానికల్ టైమర్. సింగిల్ స్పీడ్ పంప్ తీసి వేరియబుల్ పెట్టినవాళ్లు టైమర్‌ని అలాగే ఉంచేస్తారు. అది రోజూ కరెంట్ కట్ చేస్తుంటే లోపలి గడియారం ఎంతకని నిలబడుతుంది? ఈ పంప్‌కి కరెంట్ 24 గంటలూ ఉండాలి, టైమ్ సంగతి అది చూసుకుంటుంది. కాకపోతే సాల్ట్ సెల్ మాత్రం పంప్ ఆగితే తనూ ఆగేలా కలిపి ఉండాలి. టైమర్ తీసేసేటప్పుడు ఎలక్ట్రీషియన్‌కి ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఆటోమేషన్ ప్యానెల్ ఉన్న ఇళ్లలో ఇంకో గందరగోళం. పంప్ మీద బటన్లు నొక్కితే పలకదు. పాడవలేదు, రెండు తీగల కేబుల్ మీద ప్యానెల్ చెప్పినట్టే వింటోంది. ప్యానెల్ నుంచి మాట రాకపోతే పంప్ ఆగిపోవచ్చు, అప్పుడు ఆ కేబుల్ తీసి పంప్‌ని విడిగా నడిపి చూడండి. విడిగా తిరిగితే పంప్ నిర్దోషి. ఎలుకలు కొరికిన కేబుల్ ఒకటి నేనే చూశాను, దానికి మదర్‌బోర్డ్ మార్చాలన్నారట.

నిజంగా కరెంట్ సమస్యే అయితే

ఇక్కడ నేను కొంచెం స్ట్రిక్ట్. డ్రైవ్ లోపల 230 వోల్టుల ఏసీ డీసీగా మారి 325 వోల్టుల దాకా ఉంటుంది, కెపాసిటర్లలో నిలవుంటుంది. బ్రేకర్ ఆపగానే అది పోదు. కనీసం 5 నిమిషాలు, మాన్యువల్‌లో ఇంకా ఎక్కువ చెప్తే అంతసేపు ఆగకుండా మూత విప్పకూడదు. ఫోన్ విప్పి బ్యాటరీ మార్చిన ధైర్యం ఇక్కడ పనికిరాదు. మీటర్ వాడటం చేతనైతే టెర్మినల్స్ దగ్గర వోల్టేజ్ చూడండి, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అండర్ వోల్టేజ్ ఎర్రర్ వస్తే డ్రైవ్‌ని అనుమానించే ముందు వదులైన టెర్మినల్ స్క్రూ, మాడిన బ్రేకర్ చూడాలి. పంప్ తిరుగుతున్నప్పుడు కొలవాలి, ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే వోల్టేజ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

మధ్యాహ్నం మాత్రమే ఆగి సాయంత్రం మళ్లీ నడుస్తోందంటే అది వేడి. డ్రైవ్‌కి గాలి వెళ్లే సందుల్లో ఆకులు, గడ్డి కోసిన పొట్టు నిండి ఉంటాయి. కొన్ని మోడళ్లు వేడెక్కితే ముందు స్పీడ్ తగ్గించుకుంటాయి, తర్వాతే ఆగుతాయి. పైన నీడ ఏర్పాటు చేస్తే చాలు, కానీ గాలి ఆడకుండా పెట్టెలో బిగించకండి.

బ్రేకర్ పడిపోతోందా? అమెరికాలో పూల్ పంప్‌కి జీఎఫ్‌సీఐ రక్షణ తప్పనిసరి, మన దగ్గర ఆర్‌సీసీబీ అంటామే, దాదాపు అదే పని. ఈ డ్రైవ్‌లు వేగంగా స్విచ్ అవుతుంటాయి కాబట్టి కొంచెం కరెంట్ ఎర్త్ వైపు లీక్ అవడం సహజం, కొన్ని బ్రేకర్లు దానికే పడిపోతాయి. పంప్ కంపెనీ ఏ బ్రేకర్ వాడమందో చూసి అది పెట్టించాలి. వాన పడ్డాకే పడిపోతుంటే కండ్యూట్‌లో తడి ఉంటుంది. "మామూలు బ్రేకర్ వేసేస్తాను, ఇక పడదు" అని ఎవరైనా అంటే వాళ్లని గేటు దాకా సాగనంపండి. ఆ నీళ్లలో దిగేది పిల్లలు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. కొత్త పంప్ పెట్టి ఫుల్ స్పీడ్‌లో నడుపుతున్నప్పుడు అడుగునున్న డ్రెయిన్ కవర్ సరిగ్గా బిగించి ఉందో లేదో చూడండి. ఆ పీల్చుడుకి పిల్లలు అతుక్కుపోయి చనిపోయిన ఘటనల తర్వాతే అమెరికాలో 2007లో వర్జీనియా గ్రేమ్ బేకర్ చట్టం వచ్చింది. కవర్ పగిలినా, ఊడినా పంప్ నడపకూడదు, పూల్‌లోకి ఎవరూ దిగకూడదు.

కంపెనీలతో నా గొడవ

ఇంతా చూశాక కూడా డిస్‌ప్లే వెలగదు, వోల్టేజ్ మాత్రం టెర్మినల్ దగ్గర సరిగ్గా ఉంది అంటే అప్పుడు డ్రైవ్ పోయినట్టే. ఉరుములు మెరుపుల రాత్రి తర్వాత ఇలా జరగడం ఎక్కువ. బ్రేకర్ ప్యానెల్ దగ్గర సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించుకోవడం దండగ ఖర్చు కాదని అప్పుడు తెలుస్తుంది. సరే, పోయింది. మోటార్ బాగుంది, బేరింగులు బాగున్నాయి, పంప్ బాడీ బాగుంది. ఒక్క డ్రైవ్ కొనొచ్చా? కొన్ని మోడళ్లకి కొనొచ్చు. కొన్నింటికి మోటార్, డ్రైవ్ కలిపే అమ్ముతారు. కొన్నింటికి విడి డ్రైవ్ ధర విని కొత్త పంపే నయం అనిపిస్తుంది.

మన ఊళ్లో మోటార్ కాలితే వైండింగ్ షాప్‌కి తీసుకెళ్తాం. పాత తీగ పీకి, కొత్త తీగ చుట్టి, సాయంత్రానికో మర్నాటికో ఇచ్చేస్తాడు. కరెంట్ ఎక్కువ తింటుంది నిజమే, కానీ ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఇప్పుడొచ్చింది నాలుగో వంతు కరెంట్‌తో నడిచే అద్భుతమైన మోటార్. దాని వెనకున్న బోర్డు మీద జిగురు లాంటి రెసిన్ పోసి మూసేస్తారు, తేమ నుంచి కాపాడటానికి అది కావాలి, ఒప్పుకుంటాను. కానీ అదే రెసిన్ వల్ల చిన్న కెపాసిటర్ పోయినా మార్చలేం. అయితే విడిభాగం అమ్మండి, న్యాయమైన ధరకి అమ్మండి. కరెంట్ ఆదా చేసి మిగిల్చిన డబ్బంతా అయిదో ఏట ఒక్క బోర్డుకి పోస్తే ఆ ఆదా ఎవరికి జరిగినట్టు?

ఇది పూల్ ఉన్నవాళ్ల గోల మాత్రమే అనుకోవద్దు. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, అన్నిట్లోకీ ఇన్వర్టర్ మోటార్లు వచ్చేశాయి. ఇండియాలో 2022 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, కంపెనీలు రిపేర్ సమాచారం అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. అందులో వ్యవసాయ పరికరాలు కూడా ఒక విభాగం. మంచిదే. కానీ మాన్యువల్ దొరికినంత మాత్రాన బోర్డు దొరకదు కదా.

ఎర్రర్ కోడ్‌ల సంగతి ఇంకా చిరాకు. కలర్ డిస్‌ప్లే పెట్టగలిగిన కంపెనీ "నీళ్లు అందట్లేదు, ముందు మూత చూడండి" అని ఒక వాక్యం రాయలేదా? ఒక అక్షరం, రెండు అంకెలు చూపిస్తారు, అర్థం మాన్యువల్ చివరి పేజీల్లో. యాప్ ఏమో "మీ డీలర్‌ని సంప్రదించండి" అంటుంది. వాట్స్, ఆర్‌పీఎం ఆ పంప్‌కి తెలుసు. ఆరోగ్యంగా ఉన్న రోజు ఎంత లాగిందో గుర్తుపెట్టుకుని, ఈరోజు తగ్గింది, ఫిల్టర్ లేదా బుట్ట చూడండి అని చెప్పడం దానికి పెద్ద పనేం కాదు. చవక స్మార్ట్ వాచ్ కూడా నిద్ర సరిపోలేదని చెప్తుంది.

కాబట్టి ఇక నుంచి ఏ ఇన్వర్టర్ వస్తువు రివ్యూ చేసినా అమ్మేవాళ్లని మూడు ప్రశ్నలు అడుగుతాను. డ్రైవ్ విడిగా దొరుకుతుందా, ఎంతకి? కోడ్‌ల అర్థాలు స్క్రీన్ మీదే కనిపిస్తాయా? ఇంటర్నెట్ లేకపోయినా, యాప్ ఆగిపోయినా బటన్లతో అన్నీ నడపొచ్చా? పోయిన నెల ఇక్కడి ఒక పూల్ స్టోర్‌లో అడిగితే కౌంటర్‌లో కుర్రాడు మూడోదానికి మాత్రం అవునన్నాడు. మొదటి రెండింటికి కంప్యూటర్‌లో కాసేపు వెతికి, కొత్త మోడల్ బ్రోషర్ చేతిలో పెట్టాడు.